తెల్లగోడ మీది మరక

నవ్వుతున్నాడు చూడు, కోర్టు వరండాలో కూర్చుని కూడా నవ్వుతున్నాడు, అనుకుంది విదోసావ, మిషన్లోంచి పట్టుకొచ్చిన కాఫీ కప్పు ఆమె చేతిలో పెడుతూ రాదివోయె "చెయ్యి కాలుద్ది కూమా, అంచు పట్టుకో" అన్నప్పుడు. ఆమె చెయ్యి కాలుతుందని వీడికి బెంగ. ఆమె పెళ్ళికి సాక్షిగా నిలబడ్డవాడు, ఆమె కొడుకుని బాప్తిస్మం నాడు చేతుల్లో పట్టుకుని వాడి తొలి వెంట్రుకలు కత్తిరించినవాడు, కూమ్. అన్నదమ్ములతో చెడితే ఊరు కొన్నాళ్ళు నోరు నొక్కుకుని మరిచిపోతుంది గానీ, కూమ్‌తో చెడిన ఇంటి గడప తొక్కడానికి జనం జంకుతారు. వీడి ధీమా అంతా అదే. ముద్దాయి వీడు, సాక్షి తను, ఇద్దరూ ఒకే బల్ల మీద, విందు పంక్తిలో కూర్చున్నట్టు భుజాలు రాసుకుంటూ. ముందు కేసు ఇంకా తెమలలేదు, ఏదో పొలం గట్టు తగాదా, తలుపు వెనక ఎవరో గొంతు చించుకుంటున్నారు. ఎదురు బల్ల మీద స్తామెనా, వీడి బండి గుద్దిన ముసలమ్మ. రెండు చేతికర్రలూ మోకాళ్ళ మధ్య ఆనించుకుని, నల్ల తలగుడ్డ గడ్డం కింద బిగించి, ఇటు చూడకుండా కూర్చుంది. ఆ చూడకపోవడంలోనే తిట్టు ఉంది. తిట్టనీ. ఈ బల్ల మీద, వీడి పక్కన, వీడి కాఫీ పట్టుకుని కూర్చున్నదాన్ని తిట్టక ఏం చేస్తుంది?

కాఫీ తాగలేదు, పారబొయ్యనూ లేదు. ఒళ్ళో సంచి, సంచిలో కెమెరా, కెమెరాలో కార్డు. కార్డులో ఫొటో. ఆ ఒక్క ఫొటో చూసుకునే రాదివోయె లాయరు ఆమెను తమ తరపు సాక్షిగా పిలిపించాడు, లేకపోతే పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసుకునే ఆడదానితో వాడికేం పని. ఆ లాయరు వరండా చివర ఫోన్లో మాట్లాడుతున్నాడు, మెడ కాలరు దాటి పొంగింది, పాలపొంగులాగా. వాడి గుమాస్తా చంకలో బట్ట చుట్టిన కాన్వాసు. ఏముందో ఆమెకి తెలుసు, ఆ కాన్వాసు రాదివోయె ఇంట్లో పొయ్యి పైన నెలలకొద్దీ వేలాడింది, వెళ్ళినప్పుడల్లా దాని ఎదురుగానే కూర్చోబెట్టి రకియా, ఇంట్లో కాచిన పళ్ళసారా, పోసేవాడు. తెల్లటి గోడ, గోడ ముందు వాడి పాత నల్ల మెర్సిడెస్, కిటికీలోంచి బయటికి చాచిన పెళ్ళిజెండా, జెండాకర్ర కొసన గుచ్చిన ఎర్ర ఆపిల్. నంబరు పలక మీద ప్రతి అక్షరం చదువుకోవచ్చు. స్టీరింగు మీద వాడి వేలి ఉంగరం కూడా కనిపిస్తుంది. "ఇది తొంభైలో పోతున్న బండా అయ్యా? తొంభైలో పోయే బండి ఇంత స్పష్టంగా పడుద్దా? ఆగినట్టే ఉంది గదా!" ఇదీ లాయరు వాదన, మూడు వాయిదాలుగా ఇదే పాట. ఊళ్ళో కూడా అందరూ అదే అన్నారు, బండి ఆగినట్టే ఉందని, ముసల్దే అడ్డం పడిందని. పెళ్ళిబండి కనబడగానే నాణెం కోసం ఉరికిందట. బకెట్లో వేసే నాణెం కోసం!

పెళ్ళిబళ్ళు వస్తున్నాయంటే నిండు బకెట్టుతో వాకిట్లో నిలబడ్డం ఎందుకో రాదివోయెకి తెలీదా? ఖాళీ పాత్ర ఎదురైతే కొత్తకోడలికి మంచిది కాదని, నిండుగా ఎదురు రావాలని, తన ఇంటి పిల్ల కాకపోయినా సరే బావిలోంచి తోడుకొచ్చి నిలబడతారు ముసలమ్మలు. పెళ్ళివాళ్ళు పోతూ పోతూ అందులో ఓ నాణెం విసురుతారు, అది మర్యాద, దాన్ని ఏరుకుని ఎవరూ మేడలు కట్టలేదు. మరి ఆ రోజు పైదారినే తిరిగొచ్చి ఉంటే స్తామెనా ఇంటి ముందుకి ఏ బండీ వచ్చేదే కాదు. పెళ్ళికూతుర్ని తెచ్చే బళ్ళు వెళ్ళిన దారిన తిరిగి రాకూడదు, అది ఇంకో ఆచారం, అందుకని కిందిదారి పట్టారు, ఒక బండి పట్టేంత సందు, ఒక పక్క స్తామెనా ప్రహరీ, సున్నం కొట్టిన తెల్లగోడ, పొడుగ్గా. జెండాబండి అన్నిటికంటే ముందు. వాడి మేనల్లుడి పెళ్ళి, వాడే జెండాబండి నడపాలి, ఇంకెవడు నడుపుతాడు. పెళ్ళికూతురి ఇంటికి పోతూ ఆమెని సందు చివర దింపి "నన్ను పరుగులో పట్టు కూమా, జెండా రెపరెపలాడాలి, జనం చూసి ఏడవాలి" అన్నాడు. మబ్బు పట్టిన ఆకాశం, రేగుపళ్ళ వాసన, ఎక్కడో పంది కొవ్వు కరుగుతున్న వాసన, దూరాన్నించి హారన్లు. ఆమె సందుకి ఇవతల, గోడకి ఎదురుగా, నడుం బిగించి కాళ్ళు ఎడం చేసి నిలబడింది. మెర్సిడెస్ కనబడింది. ఎర్ర ఆపిల్ మీద కన్ను పెట్టి, బండితోపాటు నడుముని తిప్పుతూ, నొక్కింది.

నడుం తిప్పడం నాన్న నేర్పాడు. బజారు మూలన ఫొటో స్టూడియో, ఎర్ర బల్బు గదిలో పుల్లటి మందునీళ్ళ వాసన, నాన్న వేళ్ళు ఎప్పుడూ గోధుమరంగు. సంతలో పరిగెత్తే గుర్రాన్ని ఆమె మొదటిసారి తీసింది వెయ్యో వంతు సెకనులో, కాలు కాలులా, మెడమీద జూలు వెంట్రుక వెంట్రుకలా, ఎంతో గొప్పగా వచ్చిందని పరిగెత్తుకొచ్చి చూపిస్తే నాన్న కళ్ళజోడు పైకెత్తి "బానే ఉంది, ఎవరు చంపారు దీన్ని?" అన్నాడు. రెండ్రోజులు అన్నం తినలేదు ఆ మాటకి. షట్టరు మరీ వేగంగా మూస్తే దేన్నయినా బిగదీసి ఆపేస్తుంది, పరిగెత్తే గుర్రం కట్టేసిన గుర్రంలా ఉంటుంది, పరుగు కనబడాలంటే తలుపు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచు, ముప్పయ్యో వంతు చాలు, ఆ కాస్సేపూ గుర్రంతోపాటు నువ్వు తిరుగు, అన్నాడు నాన్న. నువ్వు దేనివెంట తిరిగితే అది స్పష్టంగా పడుద్ది, తక్కినదంతా చెదిరిపోద్ది. అంతే, ఇందులో విద్యేం లేదు, నడుం ఉంటే చాలు. ఆ రోజుల్లో ఏ ఫొటో ఎంత షట్టరులో తీశామో సిగరెట్టు పెట్టె మీద రాసుకునేవారు, రాసుకోకపోతే పోయినట్టే, మనిషి మీద నమ్మకంతో నడిచే వ్యవహారం. ఇప్పటి కెమెరా ఎవర్నీ అడగదు. నొక్కినప్పుడల్లా షట్టరు ఎంత, లెన్సు ఎంత తెరుచుకుంది, ఏ రోజు, ఏ వేళ, అన్నీ బొమ్మ వెనకాల తనే రాసేసుకుంటుంది. అచ్చువేసిన కాగితం మీద అది కనబడదు. ఫోన్లో చిన్నది చేసి పంపిన కాపీతో అది వెళ్ళదు. వీడి పొయ్యి పైన వేలాడిన కాన్వాసు ఫోన్లో పంపిన ఆ కాపీదే. వీడి చెల్లెలు పట్నంలో అచ్చు వేయిస్తూ "గోడ మీద ఏదో మరకుంది, తీసెయ్యండి" అందట, వాళ్ళు తీసేశారు.

మరక. విదోసావ సంచి పట్టీ వేలికి చుట్టుకుంది, రక్తం ఆగేదాకా చుట్టుకుంది. వీడు కాలు మీద కాలు వేసుకుని బూటు కొస ఆడిస్తున్నాడు, బూటు మెరుస్తోంది, పొద్దున్నే ఎవరిచేతో తుడిపించుకుని ఉంటాడు, బహుశా ఆమె కొడుకు చేతే. కొడుకు వీడి టైర్ల షెడ్డులో పని చేస్తున్నాడు. భర్త పోయినప్పుడు శవపేటిక ముందు కొమ్ము భుజాన వేసుకున్నది వీడే, ఆ రోజు అందరికంటే గట్టిగా ఏడ్చింది వీడే, శ్రాద్ధానికి గోధుమపాయసం వీడి ఇంటినుంచే వచ్చింది. చేసిన ప్రతి మేలుకీ వీడి దగ్గర లెక్కుంటుంది, నోటితో అడగడు, కళ్ళతో అడుగుతాడు. అసలు వీణ్ణి ఎప్పుడు ఇష్టపడింది తను? పెళ్ళినాడు వీడు ఆమె చెంప గిల్లి, దీన్ని ఫొటో తీస్తే కెమెరా పగులుద్ది అన్నాడు, అందరూ నవ్వారు, ఆమె భర్త కూడా నవ్వాడు. ఇన్నేళ్ళూ వీడి వెంటే తిరిగింది, వీడి ఇంట్లో పుట్టిన రోజులు, వీడి షెడ్డు ప్రారంభం, వీడి తల్లి చావు, అన్నీ ఆమె తీసిన ఫొటోలే, ప్రతిదాంట్లో వీడు స్పష్టంగా ఉంటాడు. చీ.

నిజం చెప్పాలంటే ఆమె కూడా నమ్మింది, ముసల్ది ఉరికిందనే. అదే మంట. తనే అక్కడ ఉంది కదా, తన కళ్ళముందే కదా, అని ఎవరైనా అడిగితే ఏం చెప్పగలదు? షట్టరు తెరుచుకున్న ఆ ముక్క క్షణం కెమెరాలోంచి చూసేవాడికి ఏమీ కనబడదు, లోపలి అద్దం పైకి లేచి కంటికి అడ్డం పడుతుంది, చీకటి. ఫొటో తీసేవాడు గుడ్డివాడయ్యే క్షణం ఒక్కటే, అది ఫొటో పడే క్షణం. చీకటికి ముందు ఎర్ర ఆపిల్ చూసింది. చీకటి తర్వాత చప్పుడు వింది. కెమెరా దించేసరికి బకెట్టు సందులో దొర్లుతోంది, నీళ్ళు గోడ పొడుగునా పారుతున్నాయి, స్తామెనా గోడవార ముడుచుకుని ఉంది, తలగుడ్డ ఊడిపోయి, తెల్లజుట్టు. వెనకబళ్ళ వాళ్ళకి ఏమయిందో తెలీక ఇంకా హారన్లు కొడుతూనే ఉన్నారు. వీడు తలుపు తెరుచుకుని దిగి మొట్టమొదట అన్న మాట "అడ్డం పడిందిరా, చూశారుగా!" ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు, చూడనివాళ్ళందరూ తలలాడించారు. తను కూడా ఆడించిందా? ఆడించే ఉంటుంది. ఆ పెళ్ళి ఫొటోలు కంప్యూటరులో వేసుకుని వధువు మొహాలు మాత్రం ఏరి ఆల్బం చేసి ఇచ్చేసింది, వీడు ఫోన్ చేసి నా బండిది పంపు అంటే సరిగ్గా చూడకుండానే పంపింది, కార్డు తీసి డ్రాయరులో పడేసింది. చూడకూడదనే పడేసింది.

కోర్టు నుంచి పిలుపు రాకపోతే ఇప్పటికీ చూసేది కాదు. అవతలి లాయరు కాన్వాసు మీద చెయ్యి పడిందని, ఏదో చెరిపారని అనుమానం లేవదీశాడట, దానికి ఈ కాలరు దాటిన మెడవాడు ఛాతీ విరుచుకుని "అనుమానమెందుకు? అసలు ఫొటోనే తెప్పిస్తాం, కెమెరా రాసుకున్న వివరాలన్నిటితో సహా తెప్పిస్తాం, అందరం చూద్దాం" అన్నాడట జడ్జి ముందే. అందరం చూద్దాం! తన గోతి తను తవ్వుకుని పైగా పార తళతళలాడుతోందని మురిసేవాళ్ళని ఏమనాలి. పిలుపొచ్చిన రాత్రి కాదు, మర్నాడు పొద్దున, కిటికీ తెరిచి, టీ పెట్టుకుని, ఆమె కార్డు బయటికి తీసింది. ఫొటో పెద్దది చేసింది. తెల్లగోడ. నల్లబండి. బండి ముక్కుకి రెండు బారల ముందు, గోడని ఆనుకుని, పొగలాంటి నల్లటి చార, చార మధ్యలో వెండిరంగు గీత. తలగుడ్డ నలుపు, బకెట్టు వెండి. ఇంకాస్త పైన ఇంటినంబరు రేకు, నీలంరంగుది, అదీ గీతలా సాగిపోయింది. స్కేలు పెట్టి కొలిచింది. రేకు గీత ఎంతో బకెట్టు గీతా అంతే. మళ్ళీ కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. రేకుని గోడకి మేకులు కొట్టి బిగించారు, అది ఎటూ ఉరకలేదు. ముసల్ది ఒక్క అడుగు వేసి ఉన్నా బకెట్టు గీత వంకరపోవాలి, పొట్టిదో పొడుగుదో కావాలి. కాలేదు. గీసినట్టు ఉంది.

టీ చల్లారిపోయింది. బండి ముందు తలుపు వెడల్పుకి కాస్త తక్కువ, అంత పొడుగు ఆ గీత. ఆ బండి తలుపు ఎంతో ఆమెకి తెలుసు, దాని పక్కన నిలబెట్టి ఎంతమందిని తీసిందో. షట్టరు తెరిచి ఉన్నంతసేపట్లో బండి అంత దూరం కదిలింది, లెక్క అంతే, చంటిపిల్లలు చెప్తారు. తెరిచి ఉన్నది పదిహేనో వంతు సెకను అయితే బండి నలభై అయిదులో పోతున్నట్టు, నలభై దాటలేదన్న వీడి మాట ఇంచుమించు నిజమైనట్టు. ముప్పయ్యో వంతు అయితే తొంభై. గీత ఒక్కటే, నంబరు మారితే వీడు పెద్దమనిషి, లేదంటే... ఆమెకి తను ఎంత పెట్టిందో గుర్తే, నాన్న చెప్పిందే పెట్టింది, కానీ గుర్తుంటే ఎవడిక్కావాలి, ఒక ఆడమనిషి గుర్తుకి కోర్టులో విలువెంత. మౌసు నొక్కింది. ఫొటో పక్కన చిన్న చిన్న అక్షరాల్లో తెరుచుకుంది. ఒకటి బై ముప్పై. తేదీ, వేళ. వేళ ఒక గంట తప్పు, చలికాలానికి గడియారం వెనక్కి తిప్పాల్సింది తను తిప్పలేదు, ఎప్పుడూ తిప్పదు. ఒకటి బై ముప్పై. అప్పుడు వచ్చింది కోపం. వాడి మీద కాదు, ముందు ఆ అంకె మీద వచ్చింది, ఇన్నాళ్ళూ డ్రాయరులో నోరు మూసుకుని పడుంది కదా అని. ఆ తర్వాత మిగతా అందరి మీదా.

ఎదురుగా చేతికర్రలు కదిలాయి. స్తామెనా లేస్తోంది, బాత్రూముకి కాబోలు, ఒక కర్ర గచ్చు మీద జారింది. విదోసావ చప్పున లేచి చెయ్యందించింది, కాఫీ ఒలికి వేళ్ళ మీద పడింది, నిజంగానే కాలింది.

"తియ్యి ఆ చెయ్యి," అంది స్తామెనా. గొంతు గరగరలాడుతోంది. "వాడి కాఫీ తియ్యగా ఉందా?"

"తాగలేదు అత్తా."

"తాగు, తాగు. ఊరికే వచ్చింది ఒదులుకోకు. నన్నంటారుగా, ఊరికే వచ్చే నాణెం కోసం బండికింద పడ్డానని." కర్రని సర్దుకుంది. పళ్ళు లేని నోరు లోపలికి పోయింది. ఆ తర్వాతి మాట విదోసావకి చెప్పిందో గోడకి చెప్పిందో తెలియదు. "ఉరికే ఉంటానేమో లే. నాకేం గుర్తు. బావిదగ్గర చేద లాగడం గుర్తు, ఆసుపత్రి కప్పు గుర్తు. మజ్జెన ఏం లేదు. అందరూ ఉరికావు ఉరికావు అంటుంటే... సిగ్గు లేకుండా ఉరికే ఉంటా."

రాదివోయె బల్లమీంచే "అత్తా, ఆరోగ్యం జాగ్రత్త!" అని కేకేశాడు, వరండా అంతా వినబడేలా. ముసల్ది తల తిప్పలేదు. కర్రలు టక్కు టక్కుమంటూ పోయింది. విదోసావ కాలిన వేళ్ళు కోటుకి తుడుచుకుంటూ నిలబడింది. తుంటి విరగడం సరే. అది వాడు విరగ్గొట్టాడు, డాక్టర్లు మేకులు కొట్టి కలిపారు. సిగ్గెవరు పెట్టారు దీనికి? కాలు కదపని మనిషిని, నిండు నీళ్ళు తొణకకుండా పట్టుకుని పరాయిపిల్ల మేలు కోరి నిలబడ్డ మనిషిని, ఊరు ఊరంతా కలిసి ఉరికించింది. తనని తనే నమ్మని దాకా ఉరికించింది. ఇప్పుడే చెప్పేస్తే? దాని వెనకాలే పోయి, అత్తా నువ్వు ఉరకలేదు అని? నమ్మదు. వాడి బల్ల మీంచి లేచి వచ్చినదాని మాట ఎందుకు నమ్ముతుంది, దాని చోట తనున్నా నమ్ముతుందా? జడ్జి ముందు చెప్పాలి, వీడు వింటుండగా చెప్పాలి, వీడి నవ్వు పళ్ళమీద ఆరిపోవడం ముసల్ది కూడా చూడాలి. కొడుకు పని పోతుంది. పోనీ. ఇంక ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికీ తనని పిలవరు, కూమ్‌ని పట్టించిన ఆడది తీసిన ఫొటోల్లో వధువు ఉంటే కాపురం నిలుస్తుందా అంటారు. అననీ.

తలుపు తెరుచుకుంది. గట్టు తగాదావాళ్ళు తిట్టుకుంటూనే బయటికొచ్చారు. రాదివోయె లేచి కోటు గుండీ పెట్టుకుని, ఆమె కోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు, ఎంత మర్యాదస్థుడు. లోపలికి పోతుంటే చెవి దగ్గర వంగి "భయపడమాకు కూమా," అన్నాడు, "కెమెరా ఏం చెప్తే అది చెప్పు, చాలు. ఇంకేం కల్పించమాకు."

"కల్పించను," అంది విదోసావ.

గది అనుకున్నదానికంటే చిన్నది, బడి తరగతిలా ఉంది, అదే సుద్ద వాసన. జడ్జి నడివయసు మనిషి, జలుబు చేసినట్టుంది, చేతిగుడ్డ ముక్కు దగ్గరనుంచి తియ్యడం లేదు. కార్డు తీసుకుని కోర్టు గుమాస్తా కంప్యూటరులో పెట్టాడు, గోడ మీద తెర వెలిగింది. తెల్లగోడ, నల్లబండి, ఎర్ర ఆపిల్. గదిలో ఎవరో మెచ్చుకోలుగా నాలుక చప్పరించారు. అంత పెద్దగా ఆమె కూడా ఎప్పుడూ చూడలేదు. ఫొటో బాగుంది, అదే దౌర్భాగ్యం, ఇంతకంటే మంచి ఫొటో బతుకులో తియ్యలేదు.

"అమ్మా, బండి స్పష్టంగా ఉందా లేదా?" లాయరు మెడ తిప్పుకుంటూ అడిగాడు.

"ఉంది."

"నంబరు చదవగలుగుతున్నామా?"

"చదవొచ్చు."

"అంతే చాలు."

"చాలదు," అంది ఆమె. "బండిని చూడమాకండి. బండితోపాటు నేను కెమెరా తిప్పాను, అందుకే అది అలా పడింది. గోడని చూడండి. ఆ నీలం గీత ఇంటినంబరు రేకు. దాని కింద వెండిగీత బకెట్టు. వివరాలు తెరిపించండి, షట్టరు ఎంతో చదవండి."

గుమాస్తా చదివాడు. ఒకటి బై ముప్పై. ఆమె తలుపు వెడల్పు చెప్పింది, లెక్క చెప్పింది, తొంభై అంది. జడ్జి చేతిగుడ్డ బల్ల మీద పెట్టాడు. వెనకనుంచి "కూమా," అన్నాడు రాదివోయె, మెల్లగా, పిల్లాణ్ణి పిలిచినట్టు. ఆమె వెనక్కి తిరగలేదు. లాయరు గొంతు పెంచాడు.

"ఆ కెమెరాలో వేళ తప్పుంది! గంట తేడా! ఇది జరిగింది రెండింటికయితే మూడని రాసుంది! గడియారమే అబద్ధం చెప్తుంటే ఈ అంకెని ఎట్లా నమ్ముతాం?"

"గడియారం నేను పెట్టింది, అందుకే తప్పు," అంది విదోసావ. "షట్టరు అది కొట్టింది. కొట్టింది కొట్టినట్టే రాసుకుంది. కావాలంటే మీరు పంపించి ఏ నిపుణుడిచేతైనా పరీక్ష చేయించుకోండి."

"నీ కొడుకు ఎవడి దగ్గర పనిచేస్తున్నాడో గుర్తుందా?" రాదివోయె గొంతు ఇప్పుడు మెల్లగా లేదు. జడ్జి బల్ల గుద్దాడు. ఆమె అప్పుడు తిరిగి చూసింది. నవ్వు లేదు. మొహం మీద నవ్వు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది, ఇన్నేళ్ళలో ఆ మొహాన్ని అలా ఎప్పుడూ ఫొటో తియ్యలేదు. ఎంత తేలికపడింది ప్రాణం! సిగ్గు కూడా వెయ్యలేదు.

కర్రల చప్పుడు. స్తామెనా లేచింది. కూర్చోమ్మా అని గుమాస్తా అన్నా వినకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ తెర దగ్గరికి వచ్చింది. వెలుతురు ఆమె మీద పడింది, గోడ తెలుపు ఆమె భుజాల మీద, ఆపిల్ ఎరుపు ఆమె తలగుడ్డ మీద. మెడ సాచి నల్లచార కేసి చూసింది. వేలు పెట్టి తాకింది, ఆ వేలి నీడ తెరమీద ఇంత పొడుగున పడింది.

"ఇదా నేను?"

"నువ్వే అత్తా."

"మొహం లేదే."

"లేదు."

"ఉరుకుతున్నట్టుందే మరి?" ఆ గొంతులో తగవు ఉంది, ఇంత దూరం వచ్చాక ఇంకో అబద్ధం వినడానికి సిద్ధంగా లేని గొంతు. "ఇట్టా చెదిరిపోయి ఉందే? ఉరికితేనేగా ఇట్టా అయ్యేది?"

విదోసావ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పట్టుకోలేదు, ఆ హక్కు తనకి లేదు. "నువ్వు కదల్లేదు అత్తా. కాలు కూడా కదపలేదు. నీళ్ళు కూడా తొణకలేదు. కదిలింది మేము. వాడి బండి, దానెంబడే నేను."

ముసల్ది తెర వంక చూసింది, రాదివోయె వంక చూసింది, మళ్ళీ విదోసావ వంక చూసింది. ఆ చూపులో మన్నింపు ఏమీ లేదు. చేతికర్ర ఎత్తి గచ్చు మీద ఠక్కున కొట్టింది.

"ఇంకోసారి చెప్పు," అంది. "గట్టిగా చెప్పు. వరండాలో వాళ్ళకి కూడా వినబడాల."

విదోసావ గట్టిగా చెప్పింది.